కలుపు సారు పంపిన మనవి

మా బాబాయిని ఆఫీసులో కలుపు సారు అంటారు. ఆయన ఉద్యోగం పేరు ఇంగ్లీషులో చాలా పొడుగ్గా ఉంటుంది. విడమరిచి చెబితే, నాలుగు విభాగాలు విడివిడిగా చేసిన పనిని ఒకదానితో ఒకటి కలపడం. కలిపేవాడు కాబట్టి కలుపు సారు అని మొదట ఎవరో మంచికే అని ఉంటారు. తర్వాత్తర్వాత ఆ మాటకున్న రెండో అర్థమే అందరికీ ముద్దొచ్చింది. "కలుపు పీకేస్తే గాని పంట ఎదగదు సారూ" అని క్యాంటీన్ వరసలో ఎవరో ఒకరు అనేవారట. ఇంటికొచ్చి ఆయనే చెప్పి నవ్వేవాడు. పిన్ని నవ్వేది కాదు.

"నవ్వండి నవ్వండి. రేపు నిజంగానే పీకి గట్టు మీద పడేస్తారు" అనేది.

ఎం.ఏ. చదివిన రెండేళ్ళూ నేను వాళ్ళింట్లోనే ఉన్నాను. రెండో అంతస్తులో రెండు గదులు, ఒక వంటిల్లు. ముందు గదిలో కిటికీ పక్కన ఒకటే బల్ల. దానికి అటువైపు నా పుస్తకాలు, ఇటువైపు ఆయన డ్రాయింగులు. మధ్యలో సరిహద్దులా పెన్నులు పెట్టుకునే గాజు సీసా. డ్రాయింగులు ఎప్పుడూ ఆ సరిహద్దు దాటేవి. "కాస్త జరుపుకో అమ్మడూ, నది నీ వైపు వచ్చేసింది" అనేవాడు బాబాయి. చూస్తే నిజంగానే కాగితం మీది నది నా నోట్సు కిందికి వచ్చి ఉండేది.

ఆయన మొదట ఇంజనీరు కాదు. పంతొమ్మిదో ఏట అదే కంపెనీలో డ్రాయింగులు గీసే పనిలో చేరాడు. నదిలోంచి నీళ్ళు తోడి, శుభ్రం చేసి, ఎత్తు మీది ట్యాంకులకు ఎక్కించే పథకాలు కట్టే కంపెనీ అది. సాయంకాలం కాలేజీలో చదివి ఏడేళ్ళకు డిగ్రీ తెచ్చుకున్నాడు. ఆ రోజుల్లో ఒక్కో పథకానికి ఒక్కో గది ఉండేదట. పన్నెండు మంది, ఒకటే పెద్ద బల్ల. గోడలు కట్టేవాళ్ళు, పంపులు బిగించేవాళ్ళు, కరెంటు వాళ్ళు, అందరూ ఆ బల్ల చుట్టూనే. వాళ్ళ మీద ఒక ముసలి చీఫ్. ఆయన వారానికొకసారి అందరినీ పిలిచి, డ్రాయింగు పరిచి, నది దగ్గర చూపుడువేలు పెట్టి, నీళ్ళు పోయే దారి వెంట మెల్లగా ట్యాంకు దాకా జరిపేవాడు. దాన్ని వేలునడక అనేవారు. వేలు ఎక్కడైనా కాగితం మీంచి లేవాల్సి వస్తే అక్కడ ఏదో అతకలేదన్నమాట. "వేలెందుకు లేచింది?" అని అడిగేవాడు చీఫ్. ఆ ఖాళీ ఎవరిదో తేలేదాకా ఒక్కరూ భోజనానికి వెళ్ళడానికి లేదు.

"ఆకలిని మించిన ఇంజనీరు లేడమ్మడూ," అనేవాడు బాబాయి. "ఒంటిగంట కొట్టేసరికి ఎంత చిక్కయినా విడిపోయేది."

చీఫ్ రిటైరయ్యాక ఇప్పటి పెద్దసారు వచ్చాడు. పనులు వేగంగా జరగాలని ఆఫీసును విభాగాలుగా విడగొట్టాడు. సివిల్ ఒకటో అంతస్తు, పంపులు రెండు, కరెంటు మూడు, అన్నిటినీ కంప్యూటరుతో నడిపించే కంట్రోల్ విభాగం నాలుగు. ఎవరి హెడ్డు వాళ్ళకు, ఎవరి గడువు వాళ్ళకు, ఎవరి మెచ్చుకోళ్ళు వాళ్ళకు. పనులు వేగం అందుకున్న మాట నిజమే. కానీ ఇలా విడగొట్టాక మళ్ళీ కలపడానికి ఒక మనిషి కావాల్సి వచ్చాడు. ఎవరితోనూ గొడవ పడనివాడు ఎవరా అని చూస్తే బాబాయి కనిపించాడు. ఆయన బల్లను రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య, మెట్లు మలుపు తిరిగే చోట వేశారు. ఆయన చేతి కింద పనిచేసేవాళ్ళు ఒక్కరూ లేరు. పని పూర్తయిందని సంతకాలు పెట్టే కాగితంలో నాలుగు గళ్ళున్నాయి, నలుగురు హెడ్లకు. బాబాయికి గడి లేదు. ఆయనకు ఒక నకలు వచ్చేది, పై మూలన "సమాచారం కోసం" అని ముద్ర వేసి. ఆయన పంపే ఉత్తరాల మీదా అదే ముద్ర పడాలని నియమం.

"మీకు సంతకం లేదు, చేతి కింద మనిషి లేడు, కుర్చీకి ఒక చెయ్యి కూడా లేదు," అని వేళ్ళు మడిచి లెక్క చెప్పేది పిన్ని. "ఇంకేం ఉందండీ మీకు?"

"మెట్లున్నాయిగా," అనేవాడు. "ఒంటికి మంచిది."

సోమవారం మీటింగుల్లో ఆయన్ని బాగా కష్టపెట్టిన మాట ఒకటుంది. "అయిపోయింది" అన్న మాట. పెద్దసారు ఒక్కో పని పేరూ చదువుతాడు. హెడ్లు అయిపోయిందంటారు. తెర మీద ఆకుపచ్చ చుక్క పడుతుంది. సివిల్ హెడ్డు అయిపోయిందంటే దిమ్మె కట్టేశామని. పంపుల మేడమ్ అయిపోయిందంటే సామాను దిమ్మె మీద దించి బిగించామని. కరెంటాయన అయిపోయిందంటే తీగ గోడ దాకా లాగేశామని. కంట్రోల్ హెడ్డుకి ముప్పై కూడా నిండలేదు, అతను అయిపోయిందంటే ఆఫీసులో కంప్యూటరు మీద పరీక్షించేశామని. నాలుగూ నిజాలే. ఆ నాలుగు నిజాలూ కలిస్తే ఒక యంత్రం నడుస్తుందా అన్నది మాత్రం ఎవరి జాబితాలోనూ లేదు. బాబాయి గొంతు సవరించుకుని అడిగేవాడు: "అయిపోయిందంటే, ఎంతవరకండీ?" అందరూ నవ్వేవారు.

ఆ అలవాటు ఇంటికీ వచ్చింది. ఒకరోజు పిన్ని వంటింట్లోంచి "పంచదార అయిపోయింది" అంటే, ఈయన కాగితాల్లోంచి తలెత్తకుండా "ఎంతవరకు?" అన్నాడు.

"డబ్బా అడుగు వరకు!" అంది పిన్ని. "నాకు ఓపిక కూడా అయిపోయింది. అది ఎంతవరకో మీరే కొలిచి చెప్పండి."

నేను రెండో ఏడు చదువుతున్నప్పుడు వాళ్ళు కడుతున్నది కొండవాలు మీద కొత్తగా లేచిన ఇళ్ళకు నీళ్ళెక్కించే పంపుహౌసు. దాన్ని నడపడానికి ఒక పంపు ఆపరేటర్ని వేశారు. నలభై దాటిన మనిషి. పాత పంపుహౌసు మూసేస్తే ఇక్కడికి మార్చారు. పంపు మూలుగు విని దానికి ఎక్కడ నొప్పో చెప్పేస్తాడని బాబాయి మురిసిపోయేవాడు. సైటుకి వెళ్ళినప్పుడల్లా అతనితో కూర్చుని టీ తాగి వచ్చేవాడు. ఆఫీసులో ఆయనకు అలా కూర్చోమన్నవాళ్ళు తక్కువ. ఆపరేటరు కుర్చీ కొలత మీటరుకు ఎదురుగా, కొండెక్కే పెద్ద గొట్టానికి నాలుగడుగుల దూరంలో ఉండేది.

చివరి పరీక్షకు పదకొండు రోజుల ముందు, ఒక ఆదివారం మధ్యాహ్నం, బాబాయి నాలుగు విభాగాల డ్రాయింగులూ నేల మీద పక్కపక్కన పరిచాడు. ఇంట్లో అంత పెద్ద బల్ల లేదు. మోకాళ్ళ మీద వంగి, నది దగ్గర వేలు పెట్టి నడక మొదలుపెట్టాడు. నేను కుర్చీలో కాళ్ళు పైకి పెట్టుకుని చదువుకుంటున్నాను. కాసేపటికి ఆయన వేలు ఆగింది. వెనక్కి వెళ్ళి మళ్ళీ వచ్చింది. మళ్ళీ అక్కడే ఆగింది.

"అమ్మడూ, ఇలా రా. ఈ రెండు చోట్లా ఏం రాసుందో నువ్వు చదువు."

పంపుల వాళ్ళ కాగితం అంచున చుక్కల గీత ఒకటి ఉంది. దాని పక్కన, "గాలి గొట్టం: కంట్రోల్ వారి పరిధి." కంట్రోల్ వాళ్ళ కాగితం అంచున అలాంటిదే ఇంకో చుక్కల గీత. దాని పక్కన, "గాలి గొట్టం: పంపుల వారి పరిధి."

"గుమ్మం దగ్గర ఇద్దరు మర్యాదస్తులు మీరు ముందంటే మీరు ముందన్నట్టుంది," అన్నాను.

ఆయన నవ్వలేదు. "మూడు మీటర్ల గొట్టం. నా బొటనవేలంత లావు," అన్నాడు.

"అంతేనా?"

లేచి వంటింట్లోకి వెళ్ళాడు. కుళాయి పూర్తిగా తిప్పి, ఒక్కసారిగా కట్టేశాడు. గోడలో గొట్టం ఠక్కుమంది. మళ్ళీ తిప్పి మళ్ళీ కట్టాడు. మళ్ళీ ఠక్కు.

"గోడ పగలగొడతారా ఏంటి!" అంది పిన్ని.

"విన్నావా? ఇది చారెడు నీళ్ళ దెబ్బ," అన్నాడు నాతో. "అక్కడ అరకిలోమీటరు పొడుగున నీళ్ళు కొండెక్కుతుంటాయి. కరెంటు పోయిందనుకో, పంపు ఆగుతుంది. నీళ్ళన్నీ వెనక్కి తిరుగుతాయి. అవి పంపు మీద పడకుండా లోపల ఒక తలుపు మూసుకుంటుంది. ఆ బరువంతా వచ్చి ఆ తలుపుని గుద్దుతుంది. ఆ దెబ్బ కాచుకోవడానికే పక్కన గాలి ట్యాంకు పెట్టింది. అందులో గాలి దిండులా ఉండి దెబ్బ పుచ్చుకుంటుంది. ట్యాంకులోకి గాలి వెళ్ళాల్సింది ఈ మూడు మీటర్ల లోంచే."

"గొట్టం లేకపోతే?"

"ట్యాంకు నిండా నీళ్ళే. దిండులో దూదికి బదులు రాళ్ళు కుక్కినట్టు." తడి చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. "చివరి పరీక్షంటే ఏంటో తెలుసా? పంపులు పూర్తి జోరులో ఉండగా కావాలని కరెంటు తీసెయ్యడం. అప్పుడు ఆపరేటరు ఎక్కడ కూర్చుంటాడు?"

మళ్ళీ డ్రాయింగు దగ్గరికి వచ్చి చూపించబోయాడు. ఏ డ్రాయింగులోనూ ఆ కుర్చీ లేదు. ఖాళీ కాగితం మీద వేలు పెట్టి, "ఇక్కడ," అన్నాడు.

ఆ సాయంత్రమే నలుగురు హెడ్లకూ పెద్దసారుకూ ఉత్తరం రాశాడు. రెండే వాక్యాలు. "గాలి ట్యాంకుకు గొట్టం లేదు. అది బిగించేదాకా పరీక్ష ఆపండి."

"భాష కాస్త చూడమ్మడూ. పెద్దవాళ్ళకి వెళ్ళేది."

నేను చూశాను. ఆపండి అన్న మాట ముఖం మీద తలుపు వేసినట్టు అనిపించింది. బాబాయి నోట అలాంటి మాట నేనెప్పుడూ వినలేదు. "సదరు గొట్టం అమర్చువరకు పరీక్షను వాయిదా వేయు విషయం పరిశీలించగలరని మనవి" అని మార్చాను. ఆయన రెండుసార్లు చదువుకుని సంతోషించాడు.

"చదువంటే ఇదీ. ఎవరికీ కోపం రాదు," అన్నాడు.

ఎవరికీ రాలేదు. మరునాడు అందరూ ఎంతో మర్యాదగా జవాబులిచ్చారు. సివిల్, కరెంటు వాళ్ళు తమకు సంబంధం లేదన్నారు, అది నిజం కూడా. మిగిలింది రెండో అంతస్తు, నాలుగో అంతస్తు. ఆ వారమంతా బాబాయి ఆ మెట్లు ఎన్నిసార్లు ఎక్కి దిగాడో ఆయనకే లెక్క లేదు.

పంపుల మేడమ్ చెడ్డ మనిషి కాదు. కూర్చోబెట్టి చెప్పిందట. "చూడండి సార్, గంట పని అది. కానీ ఒకసారి నేను బిగించానంటే అది నా పరిధి అయిపోతుంది. రేపు లీకయినా నాదే, పగిలినా నాదే. నా డ్రాయింగులో లేనిదానికి నన్నెవరు కాపాడతారు? ఆ అబ్బాయి దగ్గర ఒక్క లైను రాయించుకురండి, వెంటనే చేయిస్తాను."

కంట్రోల్ హెడ్డు కూడా మంచివాడే. కుర్చీ లాగి వేశాడు. "మేడమ్ ఒక్క లైను రాస్తే చాలంకుల్. నేను రాస్తే మా వాళ్ళందరూ గొట్టాల పని మన నెత్తికి చుట్టావంటారు. అయినా మా వైపు అంతా గ్రీనే."

"గొట్టం లేకుండా గ్రీను ఎలా వచ్చింది నాయనా?"

"ఆఫీసులో పరీక్షించేటప్పుడు ట్యాంకులో గాలి ఉందనుకొమ్మని ఒక అంకె ఇచ్చాం. ఇప్పటికి అదే ఉంది. గొట్టం వచ్చాక అసలు అంకె వచ్చి కూర్చుంటుంది."

"రాకపోతే?"

"రావాలి కదంకుల్."

ఇంట్లో పిన్ని వింటూ కంచాలు సర్దుతోంది. "పదిమంది చేతిలో పాము చావదని ఊరికే అన్నారా," అంది. "అందరూ కర్రలు పట్టుకునే ఉన్నారు, దెబ్బ ఎవరిదన్నదే తగువు. ఏమండీ, మీరు ఒక్కసారి గట్టిగా అరవండి. పుట్టి ఇన్నేళ్ళయింది, ఒక్కసారి బల్ల గుద్దండి. ఏదీ, గుద్దండి చూద్దాం."

బాబాయి భోజనాల బల్ల మీద చెయ్యి వేశాడు. కాసేపు అలాగే ఉంచాడు. తర్వాత అక్కడ పడ్డ మెతుకు ఒకటి తీసి కంచంలో వేశాడు.

ఆ పై సోమవారం మీటింగు సంగతి ఆయన చెబితేనే తెలిసింది. పెద్దసారు "గాలి ట్యాంకు" అని చదివాడు. నాలుగు గొంతులు ఒకదాని వెనక ఒకటి అయిపోయిందన్నాయి. నాలుగు ఆకుపచ్చ చుక్కలు పడ్డాయి. బాబాయి లేచి నిలబడ్డాడు.

"సార్, ఆ గొట్టం..."

"మీ ఉత్తరం చూశానండి. చాలా బాగా రాశారు," అన్నాడు పెద్దసారు. "కానీ నలుగురూ అయిపోయిందంటున్నారు, విన్నారు కదా. ఎవరిది అవలేదో ఆ పేరు చెప్పండి, ఇప్పుడే అడుగుతాను."

ఎవరి పేరు చెప్పాలి? ఎవరి కాగితంలో ఉన్నది వాళ్ళు చేశారు. ఆ గదిలో అబద్ధమాడినవాళ్ళు ఒక్కరూ లేరు. బాబాయి నలుగురి ముఖాలూ చూసి కూర్చున్నాడు. పెద్దసారు తర్వాతి పని పేరు చదివాడు.

మంగళవారం సైటుకి వెళ్ళి ఫిట్టరును పట్టుకున్నాడు.

"మూడు మీటర్లేగా సార్, అరగంట పని," అన్నాడు ఫిట్టరు. "వర్క్ ఆర్డరు ఏ విభాగం మీద రాసుకోను?"

"నా పేరు మీద రాసుకో."

"మీకు విభాగం నంబరు లేదు కద్సార్. నంబరు లేనిదే స్టోర్సులో గొట్టం ఇవ్వరు."

"బయట కొనుక్కొస్తాను."

"పరీక్షించని గొట్టం గాలి లైనుకి బిగిస్తే నా లైసెన్సు పోతుంది సార్. రేపు అదే పగిలితే ఎవరి కళ్ళో పోతాయి. ఏమనుకోకండి."

అనుకోవడానికేమీ లేదు. ఫిట్టరు చెప్పింది కూడా నిజమే.

ఇక మిగిలింది ఆపరేటరు. బాబాయి అతని పక్కన కూర్చున్నాడు. అతనే టీ తెచ్చాడు.

"ఎల్లుండి పరీక్షప్పుడు మీరు లోపల ఉండకండి. బయట చెట్టు కింద నిలబడండి చాలు," అన్నాడు బాబాయి.

"నేను మీటరు చదవకపోతే పరీక్ష ఎవరి కోసం సార్?"

"ట్యాంకులో గాలి లేదండీ."

"అదిగో తెర మీద ఉందంటోందిగా! పచ్చగా వెలుగుతుంటేనూ."

"అది ఉందనుకున్న అంకె. ఉన్నది కాదు."

ఆపరేటరు నవ్వాడు. "సార్, మీకు భయం ఎక్కువ. పాత పంపుహౌసులో ఇరవై ఏళ్ళు చేశాను, ఒక్క గీత పడలేదు. ఇక్కడ ఇంకా పర్మినెంటు చెయ్యలేదు నన్ను. పెద్దవాళ్ళంతా వచ్చిన రోజున కుర్చీ వదిలి చెట్టు కింద నిలబడితే, ఇంక అక్కడే నిలబెడతారు."

బాబాయి చెయ్యగలిగింది ఒక్కటే చేశాడు. కుర్చీని తనే లాగి, తలుపు పక్కకు, పెద్ద గొట్టానికి పది పన్నెండడుగుల దూరంలో వేసి వచ్చాడు. "అక్కణ్ణించి కూడా మీటరు కనిపిస్తుంది, నేను కూర్చుని చూశాను," అన్నాడు మాతో. ఆ రోజు కాస్త ఆకలిగా తిన్నాడు.

గురువారం ఉదయం పదకొండింటికి పరీక్ష. చూడ్డానికి వచ్చిన పెద్దవాళ్ళంతా పక్క గదిలో అద్దం వెనక నిలబడ్డారు. బాబాయికి అద్దం వెనక చోటు లేదు. పంపుహౌసు గుమ్మంలో నిలబడి లోపలికి చూస్తే కుర్చీ మళ్ళీ మీటరు ముందే ఉంది. తలుపు దగ్గర దారికి అడ్డంగా ఉందని పొద్దున్న శుభ్రం చేసినవాళ్ళు తీసి పాత చోట వేశారు. దాని మీద ఆపరేటరు కొత్త టోపీ పెట్టుకుని కూర్చున్నాడు. బాబాయిని చూసి చెయ్యి ఊపాడు. పంపులు అప్పటికే పూర్తి జోరులో ఉన్నాయి. బాబాయి పిలిచాడు. ఆ హోరులో ఆయన గొంతు ఆయనకే వినిపించలేదు. లోపలికి రెండడుగులు వేశాడు. అప్పుడే కరెంటు తీశారు.

శబ్దం ఎలా ఉందని నేనెప్పుడూ అడగలేదు, ఆయన చెప్పలేదు. పెద్ద గొట్టం అతుకు దగ్గర విడిపోయి నీళ్ళు స్తంభంలా వచ్చి ఆపరేటర్ని కుర్చీతో సహా ఎత్తి గోడకు కొట్టాయి. కుడికాలు రెండు చోట్ల విరిగింది. ఎడమ చెవి వినిపించడం మానేసింది. బాబాయి నడుం లోతు నీళ్ళలో అతని తల ఎత్తి పట్టుకుని ఉన్నాడట, మిగతావాళ్ళు వచ్చేదాకా. తెర మీద మాత్రం ట్యాంకులో గాలి ఉన్నట్టు ఆకుపచ్చ చుక్క వెలుగుతూనే ఉంది.

విచారణకు ముగ్గురిని వేశారు. మొదట నలుగురు హెడ్ల ఫైళ్ళు చూశారు. దేనిలోనూ తప్పు దొరకలేదు, ఎవరి డ్రాయింగు ప్రకారం వాళ్ళ పని పూర్తయింది. చివర బాబాయిని పిలిచారు. ఆయన తన ఉత్తరం చూపించాడు. ముగ్గురూ చదివారు.

"సమాచారం కోసం అని ఉంది," అన్నాడు ఒకాయన.

"ముద్ర అలాగే వెయ్యాలండీ."

"సరే. పరిశీలించగలరని మనవి అన్నారు. పరిశీలించారు. అభ్యంతరం చెప్పినట్టు ఎక్కడా లేదే? ఆపండి అని ఎందుకు రాయలేదు మీరు?"

బాబాయి ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాడట. నివేదికలో చివరికి మిగిలిన వాక్యం ఒకటే: నాలుగు విభాగాల పనిని కలపవలసిన ఉద్యోగి కలపలేదు.

ఆయన ఇంటికి వచ్చి ఈ సంగతి చెప్పినప్పుడు నేను బల్ల దగ్గరే ఉన్నాను. "ఆ మాట నాది కదా బాబాయ్," అన్నాను. "మీరు ఆపండి అనే రాశారు. నేను మార్చాను. వాళ్ళకి ఆ మాట చెప్పండి."

"నీ భాషకేం తల్లీ, బాగానే ఉంది," అన్నాడు. "ఆపమని రాసినా ఆగేది కాదులే. ఆ మాట ఎవరంటే ఆగుతుందో వాళ్ళు అనాలి."

అది నన్ను ఊరడించడానికి అన్నాడో నిజమే అన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఆగేదేమోనని కొన్నిసార్లు అనిపిస్తుంది.

పిన్ని ఆ పూట ఒక్క దెప్పు కూడా దెప్పలేదు. ఆయన ముందు టీ పెట్టి, "రేపు వెళ్ళి ఆ మనిషిని చూసి రండి," అంది. "దానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు."

ఒక్కడే వెళ్ళలేక నన్ను రమ్మన్నాడు. ఆస్పత్రిలో మూడో అంతస్తు, పొడుగాటి వార్డు, కిటికీ నుంచి నాలుగో మంచం. ఆపరేటరు మందుల మత్తులో నిద్రపోతున్నాడు. కాలు పైకి కట్టి ఉంది. పక్కన అతని భార్య ఎత్తు తక్కువ స్టూలు మీద కూర్చుని ఉంది. బాబాయి ఆఫీసు నుంచి వచ్చామని చెప్పగానే లేచి నిలబడింది.

"మీరే విభాగం సార్?" అని అడిగింది.

 ఆమె జవాబు కోసం ఆగలేదు.

"ఒక్కొక్కరూ వస్తున్నారు సార్. పళ్ళు పెడుతున్నారు, పోతున్నారు. పంపుల వాళ్ళొచ్చారు, మాది కాదమ్మా అన్నారు. కంప్యూటరు వాళ్ళొచ్చారు, మా వైపు అంతా సరిగ్గానే ఉందన్నారు. పాపం అందరూ మంచిగానే మాట్లాడారు. తప్పెవరిదో మాత్రం ఒక్కరూ చెప్పలేదు. మీరైనా చెప్పండి సార్. ఎవరి మీదా కేసులు పెట్టను. ఊరికే తెలుసుకుందామని."

బాబాయి చెప్పడం మొదలుపెట్టాడు. దిమ్మె గురించి, ట్యాంకు గురించి, తీగ గురించి, ఉందనుకున్న అంకె గురించి. ఒక్కటీ దాచలేదు, ఒక్కరినీ తిట్టలేదు. దుప్పటి మీద వేలితో గీసి చూపించాడు. ఆమె తల ఊపుతూ చివరిదాకా విన్నది.

"అంటే, ఎవరూ లేరా సార్?" అంది.

"నేనున్నానమ్మా," అన్నాడు బాబాయి.

తప్పెవరిదన్న ప్రశ్నకు ఆయన ఇచ్చిన జవాబు అది. ఆయన గొంతు నాకు తెలుసు కాబట్టి అర్థమైంది. ఆమెకు మాత్రం ధైర్యం చెప్పినట్టు వినిపించింది. ముఖం ఒక్కసారిగా మెత్తబడింది. కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"ఈ ఒక్క మాట అన్నవాళ్ళు లేరు సార్ ఇప్పటిదాకా," అంది.

బాబాయి నోరు తెరిచాడు. నా వైపు చూశాడు, సరైన మాట ఏదైనా అందిస్తానేమోనని. నా దగ్గర ఏ మాటా లేదు. ఆమె తన స్టూలు కొంగుతోనే తుడిచి ఆయన వైపు జరిపింది. ఆయన కూర్చున్నాడు. ఆమె మంచం పట్టె మీద ఆనుకుని, డాక్టరు ఏమన్నాడో, కట్టు ఎప్పుడు విప్పుతారో, చెవికి ఇంకో పరీక్ష ఎప్పుడు చెయ్యాలన్నారో, అన్నీ ఆయనకే చెప్పుకొచ్చింది. ఇంట్లో మనిషికి చెప్పినట్టు.

"కాలు బాగయ్యాక మళ్ళీ పనిలోకి తీసుకుంటారా సార్? ఇంకా పర్మినెంటు కూడా కాలేదు. చెవి వినపడకపోతే పంపుల దగ్గర పెట్టుకోరని ఎవరో అన్నారు. మీరు కాస్త గట్టిగా చెప్పండి సార్. మీరు చెబితే వింటారు కదా."

బాబాయి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నేల వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆమె ఎదురు చూస్తోంది.

"చెబుతానమ్మా," అన్నాడు.